వేడెక్కని డ్రయ్యర్: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. డ్రయ్యర్ తిరుగుతోంది, బట్టలు మాత్రం ఆరడం లేదు, కొత్త హీటింగ్ ఎలిమెంట్, అంటే వేడి పుట్టించే తీగచుట్ట, తెప్పించనా అని అడిగావు. ఇప్పుడే తెప్పించకు. ఈ యంత్రాలను విప్పడం, బిగించడం నాకు ముప్ఫై ఏళ్ల పని. కొత్త ఎలిమెంట్ వేసిన వారానికే "మళ్లీ అదే తంతు" అని కబురు పెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ముందు ఒక సంగతి తేల్చు. వేడి అసలే రావడం లేదా, వస్తున్నా బట్టలు ఆరడం లేదా? రెండింటినీ మనం "వేడెక్కడం లేదు" అనే అంటాం గానీ జబ్బులు వేరు, మందులూ వేరు. రెండు తడి తువ్వాళ్లు లోపల వెయ్యి. తేమను బట్టి దానంతటదే ఆగే సైకిల్ కాకుండా నిమిషాల లెక్కన తిరిగే సైకిల్‌ను ఎక్కువ వేడి మీద పెట్టు. ఐదు నిమిషాల తర్వాత తలుపు తెరిచి చెయ్యి లోపలికి పెట్టి చూడు. నవ్వకపోతే ఇంకో మాట. మీట చల్లగాలి మీద లేదని కూడా చూసుకో. ఒక ఇంట్లో యంత్రం వెనక రేకంతా విప్పేశాక ఆ సంగతి బయటపడింది. ఆ విప్పినవాణ్ని నేనే.

లోపల చల్లగా ఉంటే మొదటి అనుమానం కరెంటు మీద. నీ దగ్గర ఉన్నది అమెరికా, కెనడాలలో వాడే 240 వోల్టుల రకం కదా. దానికి రెండు వైర్లలో కరెంటు వస్తుంది. డ్రమ్మును తిప్పే మోటారుకు వాటిలో ఒక వైరు, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు చాలు, అంటే 120 వోల్టులు. హీటరుకు మాత్రం రెండు వైర్లూ కావాలి. రెండింటిలో ఒకటి పోయినా డ్రమ్ము ఎప్పటిలాగే తిరగవచ్చు, లైటు వెలగవచ్చు, వేడి మాత్రం ఉండదు. అందుకే "తిరుగుతోంది కాబట్టి కరెంటు బాగానే ఉంది" అనుకోవద్దు. బోర్డులో డ్రయ్యర్‌ది 30 ఆంపియర్ల జంట బ్రేకర్. పడిపోయినా కొన్నిసార్లు పైకి ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. పూర్తిగా ఆఫ్ వైపుకు నొక్కి, మళ్లీ ఆన్ చెయ్యి. వెంటనే మళ్లీ పడిపోతే దానితో పోట్లాడకు, ఎలక్ట్రీషియన్‌ను పిలువు. ప్లగ్గు దగ్గర నల్లబడినా, కాలిన వాసన వచ్చినా అంతే. కరెంటు ఉండగా ఆ సాకెట్లో మీటరు పెట్టి కొలిచే పని నీది కాదు.

లోపల వెచ్చగానే ఉండి, గంట తిరిగినా తువ్వాళ్లు తడిగానే వస్తుంటే మాత్రం నూటికి తొంభై పాళ్లు దోషం గాలిది. బట్టలను ఆరబెట్టేది ఒక్క వేడే కాదు. వేడి నీటిని ఆవిరి చేస్తుంది, గాలి ఆ ఆవిరిని బయటికి మోసుకుపోతుంది. గాలి ఆడకపోతే ఆవిరి డ్రమ్ములోనే తిరుగుతూ ఉంటుంది. ఎలిమెంట్ దగ్గర వేడి పేరుకుని, వేడి హద్దు దాటకుండా కాపలా కాసే హై లిమిట్ థర్మోస్టాట్ మాటిమాటికీ హీటరును ఆపేస్తుంది. నీకేమో హీటరు పాడైనట్టు కనిపిస్తుంది.

ఫిల్టరుతో మొదలుపెట్టు. ప్రతిసారీ నూగు తీస్తున్నానని రాశావు, మంచిది. ఇప్పుడు దాన్ని కుళాయి కింద పట్టి చూడు. జాలీలోంచి నీళ్లు జారిపోవాలి. గిన్నెలో నిలిచినట్టు నిలిస్తే, బట్టల మెత్తదనం కోసం నువ్వు వేసే షీట్ల జిడ్డు జాలీ మీద పొరలా పట్టిందన్నమాట. సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్షు, రెండు నిమిషాల పని. డ్రమ్ము లోపల ఉండే రెండు లోహపు పట్టీలు తేమను పసిగట్టే సెన్సర్లు. వాటి మీదా ఇదే జిడ్డు చేరుతుంది. అప్పుడు బట్టలు ఆరకముందే యంత్రం ఆగిపోతుంది. వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడువు.

తర్వాత గొట్టం. డ్రయ్యర్ నడుస్తుండగా ఇంటి బయటికి వెళ్లి, గొట్టం చివరి మూత చూడు. అది గాలికి లేచి నిలబడాలి, చేతికి వేడి గాలి బలంగా తగలాలి. రెపరెపలాడుతూ ఊరుకుంటే దారిలో ఏదో అడ్డం ఉంది.

నా తొలి రోజుల ముచ్చట ఒకటి చెప్తాను. ఒకే ఇంట్లో మూడు నెలల్లో మూడుసార్లు థర్మల్ ఫ్యూజు మార్చాను. వేడి మితిమీరితే తెగిపోయి యంత్రాన్ని ఆపే చిన్న ముక్క అది. మార్చిన ప్రతిసారీ చక్కగా వేడెక్కేది, నెల తిరగకుండా మళ్లీ చల్లబడేది. నాసిరకం ఫ్యూజులు వస్తున్నాయని తిట్టుకున్నాను. మూడోసారి ఆ ఇంటి పెద్దావిడ నన్ను వంటింటి కిటికీ దగ్గరికి పిలిచి, "ఇదివరకు ఇక్కడ పొగమంచులా ఆవిరి వచ్చేది నాయనా, ఈ మధ్య రావడం లేదేమిటి?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. యంత్రాన్ని ముందుకు లాగాను. గోడకూ యంత్రానికీ మధ్య గొట్టం వంపు చపాతీలా అణిగిపోయి ఉంది. ఊడదీసి వేళ్లు పెడితే బూడిదరంగు ముద్ద ఒకటి వచ్చింది, తడిసిన దూది దిండంత. మధ్యలో ఒక పిల్లల మేజోడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఫ్యూజు మార్చే అవసరం రాలేదు.

నువ్వూ ప్లగ్గు తీసి యంత్రాన్ని ముందుకు లాగు. గొట్టం ఊడదీసి, దాన్ని వదిలేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి రెండు మూడు నిమిషాలు మాత్రం నడిపి చూడు. గదిలో కాస్త నూగు ఎగురుతుంది, పర్వాలేదు. ఇప్పుడు గాలి ధాటిగా వస్తే దోషం యంత్రంలో లేదు, గొట్టంలో ఉంది. ఈ పరీక్ష విద్యుత్ డ్రయ్యర్‌కే. గ్యాస్ డ్రయ్యర్‌కు గొట్టం తీసి నడిపితే విషవాయువు గదిలోకి వస్తుంది. గొట్టం ముడతలు ముడతలుగా ఉండే పలచని రేకుదో, ప్లాస్టిక్‌దో అయితే శుభ్రం చేయడం మానేసి మార్చెయ్యి. నాలుగు అంగుళాల నున్నటి లోహపు గొట్టం, వీలైనంత పొట్టిగా, తక్కువ వంపులతో ఉండాలి. అతుకులకు అల్యూమినియం టేపు చుట్టు. స్క్రూలు వాడితే వాటి మొనలు లోపలికి పొడుచుకొచ్చి నూగును పట్టేస్తాయి. ఆ నూగు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో ఒక్కసారి చూస్తే మళ్లీ అశ్రద్ధ చేయవు.

గాలి దారి బాగుండి, కరెంటూ బాగుండి, వేడి రాకపోతేనే లోపలి భాగాల జోలికి వెళ్లు. ప్లగ్గు తీసి, దాన్ని కళ్లకు కనిపించేచోట పెట్టుకుని పని చెయ్యి. కరెంటు కొలతలు చూపే మల్టీమీటర్‌ను ఓముల మీద, అంటే తీగ నిరోధాన్ని కొలిచే గుర్తు మీద పెట్టు. కొలిచే ప్రతి భాగానికీ కనీసం ఒక వైరు ఊడదీయాలి. లేకపోతే మీటరు ఇంకో దారిలో తిరిగొచ్చి తప్పు చెబుతుంది. 5,400 వాట్ల ఎలిమెంట్ 10 ఓముల చుట్టుపక్కల చూపించాలి. ఏమీ చూపించకపోతే తీగ తెగింది. ఎలిమెంట్ కొసకూ దాని చుట్టూ ఉన్న రేకుకూ మధ్య కూడా కొలువు. అక్కడ ఏ రీడింగూ రాకూడదు. వస్తే తీగ జారి రేకుకు తగులుతోంది. అలాంటి హీటరు థర్మోస్టాట్ మాట వినదు, అదే ప్రమాదం.

థర్మల్ ఫ్యూజు దాదాపు సున్నా చూపించాలి. అది ఒకసారి పోతే పోయినట్టే, మళ్లీ అతుక్కోదు. కొన్ని రకాల్లో అది పోతే మోటారే తిరగదు, కొన్నిటిలో వేడి మాత్రం ఆగిపోతుంది. ఫ్యూజు పోయి ఉంటే గొట్టం సంగతి తేలేదాకా కొత్తది వేయకు. పరీక్షకని దానికి అడ్డంగా వైరు ముక్క కలిపేవాళ్లు ఉంటారు, వీడియోల్లోనూ చూసి ఉంటావు. నువ్వు చేయకు. ఇంటిని కాపాడేది ఆ చిన్న ముక్కే.

ఇవన్నీ సరిగ్గా ఉండీ చల్లగానే తిరిగితే మోటారు మీదుండే స్విచ్చో, కంట్రోల్ బోర్డో అయి ఉంటుంది. ఆ దశలో మెకానిక్‌ను పిలువు. నువ్వు కొలిచిన అంకెలు అతని చేతిలో పెడితే సగం పని తగ్గుతుంది.

ఈ ఆదివారం గొట్టం వరకే చూడు. లోపల ఏం దొరికిందో రాయి. యంత్రాన్ని వెనక్కి నెట్టేటప్పుడు గొట్టం వంపు మీద ఒక కన్ను వేసి ఉంచు, గోడకు జానెడు ఎడం వదులు.

ఇట్లు,
మీ మామయ్య