ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యి తెగితే

తమ్ముడూ, ఏ దెబ్బకి ఇంట్లోనే కట్టు కట్టుకోవచ్చు, దేనికి హాస్పిటల్‌కి పరుగెత్తాలి అని అడిగావు. ఈ మాత్రం కూడా తెలీదా అనబోయి ఆగాను, ఎందుకంటే కొత్తలో నాకూ తెలీదు.

ఇల్లు వదిలి ఇంత దూరం ఒంటరిగా వచ్చిన రెండో నెలలో, రాత్రిపూట సింకులో గాజు గ్లాసు కడుగుతుంటే చేతిలోనే పగిలి, ముక్క బొటనవేలి కింద కండలో కోసుకుపోయింది. శుభ్రమైన గుడ్డ పెట్టి, చెయ్యి పైకెత్తి, కదపకుండా 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. నేనేమో ఆగిందా లేదా అని పది సెకన్లకోసారి గుడ్డ ఎత్తి చూడటం, మళ్లీ కారడం, మళ్లీ నా కాళ్లు వణకడం. గుడ్డ తడిస్తే పైన ఇంకోటి వేయాలి గానీ మొదటిది పీకకూడదు, అప్పుడే గడ్డకడుతున్న రక్తం దాంతోపాటే ఊడొస్తుంది. ఆ తర్వాత పెద్ద తెలివైనవాడిలా స్పిరిట్ పోశాను, చుక్కలు కనిపించాయి. అది క్రిములతోపాటు మానాల్సిన కండని కూడా దెబ్బతీస్తుందట. కుళాయి ధార కింద కడిగి, చుట్టూ సబ్బు రాస్తే చాలు.

అసలు తప్పు తెల్లారేదాకా ఆగడం. అంచులు విచ్చుకుని లోపల పసుప్పచ్చగా కొవ్వు కనిపిస్తోందంటే కుట్లు పడాల్సిందే, అదీ ఆలస్యం చేయకుండా. వేలికొస మొద్దుబారితే లోపల నరం, వేలు వంగకపోతే దాన్ని లాగే స్నాయువు తెగిందేమో చూపించుకోవాలి. ఇవి తెలీక మాత్రమే కాదు నేను ఆగింది, తోడు రమ్మని అడగడానికి ఒక్క మనిషి లేక కూడా. అమ్మకి ఫోన్ చేస్తే అంత దూరం నుంచి ఏడవడం తప్ప ఏం చేస్తుంది? ఒంటిచేత్తో కట్టు చుట్టి, పళ్లతో ముడి బిగించి, లైటు వేసుకునే కూర్చున్నాను.

దోక్కుపోయిన దెబ్బలకి టెన్షన్ వద్దు. మంట ఎక్కువ, లోతు తక్కువ. ఇసుక, మట్టి పోయేలా కడిగి, వాజిలిన్ పల్చగా రాసి కట్టు కట్టి, రోజూ మార్చు. గాలికి వదిలేసి ఎండబెడితే త్వరగా మానుతుందనుకుంటారు, నిజానికి కాస్త తడిగా ఉంటేనే మానుతుంది. కాలితే చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు, ఐసూ టూత్‌పేస్టూ వద్దు.

మేకు గుచ్చుకోవడం మాత్రం దొంగ దెబ్బ. రక్తం పెద్దగా రాదు, మురికి లోపలే ఉండిపోతుంది. నా పాదానికి గుచ్చుకుంటే ఏముందిలే అని తిరిగాను, మూడో రోజుకి బూటు పట్టలేదు. మురికి గాయమై, ఆఖరి టీటీ ఇంజెక్షన్ వేసి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకో. ఎరుపు చుట్టూ పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికే. లోపల ఏదైనా దిగబడి ఉంటే నువ్వు లాగకు. రక్తం చిమ్ముతుంటే అదిమి పట్టుకునే అంబులెన్స్‌ని పిలువు. ఆ నంబరూ ఇన్సూరెన్సూ నువ్వే చూసుకో, ఎక్కడైనా దొరుకుతాయి.

దొరకనిది మనిషే. ఈ వారంలోనే పక్కింటి తలుపు తట్టి పేరు చెప్పుకో. నాకు సిగ్గేసి ఏడాది పట్టింది, తీరా చూస్తే గోడకవతల ఉన్నావిడ నర్సు.