కొత్త గుర్రానికి చీమిడి, మిగతా వాటి సంగతేంటి?

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పుతాం. మూడుండగా పోయిన వారం ఇంకోటి కొన్నాం. దానికి రెండ్రోజులుగా చిక్కటి చీమిడి, దవడ కింద వాపు, ఉలవలు కూడా ముట్టడం లేదు. వరసగా ముహూర్తాలున్నాయి, టెన్షన్‌గా ఉంది. మిగతా వాటికి అంటకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు ఆ ముహూర్తాల సంగతి మర్చిపోండి. అడ్వాన్సులు వెనక్కివ్వడం కష్టమే, కానీ నాలుగూ మంచాన పడితే సీజనంతా పోతుంది. నాలుగూ అని ఎందుకంటున్నానంటే, వారం రోజులుగా ఒకే తొట్టిలో తాగుతుంటాయి కాబట్టి మిగతా మూడింటినీ ఇప్పుడే నమ్మడానికి లేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది స్ట్రాంగిల్స్ కావచ్చు, అంటే ఒక క్రిమి (బాక్టీరియా) వల్ల గుర్రాలకు దవడ కింద గడ్డలు లేచే అంటుజబ్బు. ఆ క్రిమిని ఎక్కువగా మోసేవి తొట్టి, బకెట్, కళ్లెం, బ్రష్, మన చేతులు. జబ్బుదాన్ని దూరంగా వేరే పాకలో కట్టి, దాని సామాను దానికే ఉంచండి. దాన్ని చూసే మనిషి వేరేగా ఉంటే మంచిది, లేదంటే బాగున్నవాటి పని ముగించాకే దాని దగ్గరికి వెళ్లాలి. నీళ్లు పట్టేటప్పుడు పైపు కొసను బకెట్లో ముంచేస్తారు చూడండి, అక్కడే కొంప మునుగుతుంది, పైనుంచి పట్టండి. బ్లీచింగ్ కూడా పేడ, జిడ్డు కడిగాకే చల్లాలి, పేడ మీద చల్లితే దండగ.

అన్నిటికన్నా పనికొచ్చేది థర్మామీటరు. ముందు జ్వరం వస్తుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు గానీ ముక్కులోంచి క్రిమి బయటపడదు, అందుకే మూడింటికీ రోజూ ఉదయం, సాయంత్రం మలద్వారంలో పెట్టి చూసి (తోకకు దారంతో కట్టుకోండి, లోపలికి జారిపోతుంది) 101.5 ఫారెన్‌హీట్ దాటినదాన్ని ఆ పూటే విడిగా కట్టేయండి.

గడ్డను మీరే కోయొద్దు, షాపులో అడిగి ఇంజెక్షన్లు తెచ్చి పొడవొద్దు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా పశువుల ఆసుపత్రి డాక్టరును పిలవండి. ముక్కులో పుండ్లు, కాళ్ల మీద వరసగా గడ్డలు కనిపిస్తే మాత్రం గ్లాండర్స్ అనే మరో అంటుజబ్బని అనుమానించాలి. అది మనుషులకూ అంటి ప్రాణం తీయగలదు. చట్టప్రకారం ప్రభుత్వానికి చెప్పి తీరాలి, రక్తం హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. అదో కాదో తేలేదాకా గ్లవ్స్, మాస్కు లేకుండా చీమిడి తుడవొద్దు.

ముక్కు ఆరగానే మళ్లీ కలిపేయకండి. కోలుకున్నాక కూడా కొన్ని వారాలు క్రిమి వస్తూనే ఉంటుంది, కొన్నిటికి గొంతు పక్క సంచుల్లో నెలల తరబడి దాక్కుంటుంది. డాక్టరుతో పరీక్ష చేయించాకే కలపండి. ఇకమీదట కొన్న గుర్రాన్ని మూడు వారాలు విడిగా ఉంచండి, బేరంలో ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే.