తల్లిదండ్రుల్లో లేని జన్యులోపం బిడ్డ గుండెకెలా వచ్చింది?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. పుట్టిన రెండో వారంలోనే బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) సన్నబడిందని ఆపరేషన్ చేశారు. ఇటీవల జన్యుపరీక్షలో కేఎంటీ2డీ జన్యువులో మార్పు ఉందనీ, అది కబుకి సిండ్రోమ్ (గుండె, ఎదుగుదల, వినికిడి వంటివాటిపై ప్రభావం చూపే అరుదైన జన్యుసమస్య) అనీ తేలింది. మా ఇద్దరిలో ఆ మార్పు లేదు. మాది మేనరికం. అందువల్లే వచ్చిందా? గర్భంతో ఉండగా జ్వరానికి వేసుకున్న మాత్రల వల్లా? రెండో బిడ్డకూ వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు అనుమానాలనూ వదిలేయండి. మేనరికంతో ముప్పు పెరిగేది ప్రధానంగా ఒక జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటేనే వచ్చే జబ్బులకు. కబుకికి ఒక్క ప్రతిలో మార్పు చాలు. మీ ఇద్దరిలోనూ లేదు కనుక అది అండంలోనో, శుక్రకణంలోనో, ఫలదీకరణ జరిగిన తొలి ఘడియల్లోనో కొత్తగా ఏర్పడి ఉంటుంది. జ్వరం మాత్రతో దానికి సంబంధం లేదు.

మన డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. కేఎంటీ2డీ తయారుచేసే ఎంజైము ఆ హిస్టోన్ల మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పెట్టి, ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించడంలో తోడ్పడుతుంది. పిండంలో గుండె సుమారు 22వ రోజుకే కొట్టుకోవడం మొదలుపెట్టి, ఎనిమిదో వారం ముగిసేసరికి గదులు, గోడలు, పెద్ద రక్తనాళాలతో దాదాపు పూర్తి రూపానికి వస్తుంది. అంత తక్కువ వ్యవధిలో ఎన్నో జన్యువులు వేళకు తెరుచుకోవాలి. కాలువలో నీరున్నా నాట్ల వేళకు తూము సగమే తెరిస్తే చివరి మడులు తడవనట్లే, ఎంజైము సగానికి తగ్గినప్పుడు జన్యువులు బాగానే ఉన్నా వాటికి అందవలసిన ఆదేశం చాలదు. అందుకే గుండె ఏర్పడుతుంది కానీ గదుల మధ్య గోడల్లో రంధ్రాలు, ఎక్కువగా మీ బాబుకు వచ్చినట్టు ఎడమవైపు రక్తమార్గం సన్నబడడం కనిపిస్తాయి. తీవ్రమైన గుండెలోపాలున్న 362 మంది పిల్లలను, వారి తల్లిదండ్రులను పరీక్షించి 2013లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలోనూ, హిస్టోన్ గుర్తులకు సంబంధించిన జన్యువుల్లో ఇలాంటి కొత్త మార్పులు మామూలు కంటే ఎక్కువగా కనిపించాయి.

రెండో బిడ్డకు వచ్చే అవకాశం సాధారణంగా ఒక శాతం లోపే. పూర్తిగా సున్నా అనకపోవడానికి కారణం, రక్తపరీక్షకు అందకుండా మీలో ఒకరి అండాల్లో లేదా శుక్రకణాల్లో కొన్నింటిలో ఆ మార్పు ఉండే వీలుండడమే. అందుకని మళ్లీ గర్భం దాల్చేముందే బాబు రిపోర్టుతో జెనెటిక్స్ నిపుణుల్ని కలవండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలో, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో ఈ సేవలున్నాయి. కోరుకుంటే 11–13 వారాల్లో మాయ నుంచి, లేదా 16 వారాల తర్వాత ఉమ్మనీటి నుంచి నమూనా తీసి ఇదే మార్పు కోసం వెతకవచ్చు. 18–22 వారాల మధ్య ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డ గుండె స్కాన్) మాత్రం తప్పక చేయించుకోండి. ఫోలిక్ యాసిడ్ ముందునుంచే వాడండి, కానీ అది ఈ మార్పును ఆపుతుందని అనుకోవద్దు.

బాబు విషయంలో, సరిచేసిన చోట ధమని మళ్లీ సన్నబడవచ్చు కనుక ప్రతిసారీ కుడిచేతికీ, కాలికీ రెండింటికీ బీపీ చూడమని అడగండి. వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే ఈ నెలలోనే చేయించండి.