బేస్‌బాల్‌లో ఎవరు గొప్ప: వాదనకు కూర్చునే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

బోస్టన్ ఆఫీసులో లంచ్ టైమ్‌లో అందరూ బేస్‌బాల్ గురించి వాదించుకుంటుంటే నువ్వొక్కదానివే మాట్లాడకుండా తింటున్నావని ఫోన్‌లో చెప్పావు. "ఆల్‌టైమ్ గ్రేటెస్ట్ ఎవరో ఒక్క పేరు చెప్పండి పెదనాన్నా, చాలు" అన్నావు. చెప్తాను, కానీ ఇప్పుడే కాదు. పేరు ఒక్కటే పట్టుకుని వెళ్తే వాళ్లు అడిగే రెండో ప్రశ్నకే నోరు మూతపడుతుంది. న్యూజెర్సీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఈ వాదనల మధ్యే గడిపాను. నాకు ఈ ఆటంటే ప్రాణం కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు, "గొప్ప" అంటే వాళ్ల ఉద్దేశం ఏమిటో అడుగు. సగం వాదనలు ఇక్కడే తప్పుతాయి. శాండీ కోఫాక్స్ అనే పిచ్చర్ (మన బౌలర్ లాగా బంతి విసిరేవాడు) ఉండేవాడు. 1962 నుంచి 1966 దాకా వరసగా ఐదేళ్లు నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్స్ అనే పైస్థాయి ఆటలో రెండు భాగాలు, ఇదొకటి, అమెరికన్ లీగ్ రెండోది) అతనిదే అందరికంటే తక్కువ ఈఆర్ఏ. (ఈఆర్ఏ అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి పోను, పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని రన్స్ ఇచ్చాడన్న లెక్క. ఎంత తక్కువైతే అంత మంచిది.) మోచేతి ఆర్థరైటిస్ వల్ల 30 ఏళ్లకే ఆట మానేశాడు. గెలిచిన మ్యాచ్‌లు మొత్తం 165 మాత్రమే. మరోవైపు హ్యాంక్ ఆరన్. 23 సీజన్లు ఆడి 755 హోమ్ రన్స్ (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు, కానీ ఏ ఒక్క సీజన్‌లోనూ 47 దాటలేదు. ఎంత ఎత్తుకి ఎదిగాడన్నది చూసేవాళ్లకి కోఫాక్స్ కావాలి, ఎంతకాలం నిలబడ్డాడన్నది చూసేవాళ్లకి ఆరన్ కావాలి. ఏది చూస్తున్నామో తేల్చుకోకుండా అరుచుకుంటే ఇద్దరూ తమతమ లెక్కలో కరెక్టే అవుతారు, మాట మాత్రం ముందుకు కదలదు.

రెండోది, అంకె వినగానే ఆ ఏడాది మిగతావాళ్లు ఏం చేశారో అడగడం అలవాటు చేసుకో. మనకి క్రికెట్‌లో బ్రాడ్‌మన్ 99.94 ఎందుకంత పెద్ద సంగతి? ఆ దరిదాపుల్లోకి ఇంకెవరూ రాలేదు కాబట్టి. బేబ్ రూత్ అనే పాతకాలం బ్యాటర్‌నీ అలాగే చూడాలి. (ఈ ఇద్దరూ 1932లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో కలిసి కూర్చుని మ్యాచ్ చూశారు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది.) 1920లో రూత్ ఒక్కడే 54 హోమ్ రన్స్ కొట్టాడు. ఆ సీజన్‌లో అతని సొంత టీమ్ యాంకీస్‌ని పక్కన పెడితే, అమెరికన్ లీగ్‌లో ఏ టీమూ మొత్తం కలిపినా అన్ని కొట్టలేదు. 54 అన్న అంకె ఈరోజు వింటే గొప్పగా ఉంటుంది, అంతే. ఆ రోజుల పక్కన పెట్టి చూస్తేనే అతను ఆటనే మార్చేశాడని అర్థమవుతుంది. అతన్ని యాంకీస్‌కి అమ్మింది మీ బోస్టన్ రెడ్ సాక్సే, 1919 సీజన్ అయ్యాక. 1918లో చాంపియన్లు అయిన రెడ్ సాక్స్ మళ్లీ గెలవడానికి 2004 దాకా పట్టింది. మీ ఆఫీసులో పెద్దవాళ్లకి ఇది నిజంగా బాధ కలిగించే విషయం, జాగ్రత్తగా మాట్లాడు.

పిచ్చర్లకీ ఇదే పద్ధతి. 1968లో బాబ్ గిబ్సన్ ఈఆర్ఏ 1.12. 2000లో మీ రెడ్ సాక్స్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్‌ది 1.74. అంకెలు చూస్తే గిబ్సనే మేలు. కానీ 1968లో అసలు ఎవరూ సరిగ్గా కొట్టలేకపోయారు. మొత్తం మేజర్ లీగ్ సగటు ఈఆర్ఏ మూడు లోపే ఉంది. బ్యాటర్లు మరీ తేలిపోతున్నారని మరుసటి ఏడాది నుంచి పిచ్చర్ నిలబడే మౌండ్ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. పెడ్రో కాలం దానికి పూర్తిగా తిరగబడ్డ కాలం, బంతులు వరసపెట్టి స్టాండ్స్‌లోకి వెళ్తున్న రోజులు. ఆ ఏడాది అమెరికన్ లీగ్ సగటు 4.91. లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న రోజర్ క్లెమెన్స్‌ది 3.70. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య అంత దూరం! ఒక్క సీజన్ పిచింగ్ లెక్కకి వస్తే నా ఓటు పెడ్రోకే. ఇది చెప్పు, మీ బోస్టన్ వాళ్లు సంతోషిస్తారు, పైగా నిజం కూడా.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈ వాదనల్లో చాలామంది దాటేసేది ఇదే. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగేదాకా, అరవై ఏళ్లకి పైగా నల్లజాతి ఆటగాళ్లని మేజర్ లీగ్స్‌లోకి రానివ్వలేదు. వాళ్లు నీగ్రో లీగ్స్ అనే సొంత లీగ్స్‌లో ఆడుకున్నారు. జాష్ గిబ్సన్ అని ఒక క్యాచర్ (మన వికెట్ కీపర్ లాగా). అతని బ్యాట్ గురించి ఆ రోజుల్లో చూసినవాళ్లు రూత్‌తో పోల్చి మాట్లాడేవారు. 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. రాబిన్సన్ రావడానికి ఇంకా మూడు నెలలుంది. సాచెల్ పేజ్ అనే పిచ్చర్‌కి మేజర్ లీగ్స్‌లో అవకాశం వచ్చేసరికి 42 ఏళ్లు. ఆస్కార్ చార్ల్‌స్టన్‌కి అదీ రాలేదు.

1920 నుంచి 1948 దాకా ఆడిన నీగ్రో లీగ్స్ కూడా మేజర్ లీగ్స్‌తో సమానమేనని 2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఒప్పుకుంది. 2024 మేలో ఆ లెక్కల్ని అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో కెరీర్ బ్యాటింగ్ యావరేజ్‌లో (బ్యాట్ పట్టిన సార్లలో హిట్స్ ఎంత వంతు అన్న లెక్క; హిట్ అంటే బంతిని కొట్టి బేస్ చేరడం, బేస్ అంటే పరుగెత్తి చేరాల్సిన మూల) ఎన్నో ఏళ్లుగా మొదట ఉన్న టై కాబ్ వెనక్కి జరిగి, .372తో జాష్ గిబ్సన్ పైకి వచ్చాడు. "అప్పటి సీజన్లు చిన్నవి కదా, లెక్కలు దొరికిన మ్యాచ్‌లు తక్కువ కదా" అని ఎవరైనా అంటే కాదనకు, అది నిజమే. అందుకే గిబ్సన్ హోమ్ రన్స్ మొత్తాన్ని ఆరన్ మొత్తంతో పోల్చకూడదు. కానీ వెంటనే ఇదీ అడుగు: రూత్, కాబ్ ఎవరి బౌలింగ్‌ని ఎదుర్కోకుండా ఆ అంకెలు సంపాదించారు? (బౌలింగ్ అన్నాను, చూశావా, మన నోటికి అదే వస్తుంది. పిచింగ్.) దేశంలోని మంచి ఆటగాళ్లలో ఒక పెద్ద భాగాన్ని గేటు బయటే నిలబెట్టి ఆడిన ఆట అది. రూత్ ఆ నియమం పెట్టలేదు, అతన్ని తిట్టక్కర్లేదు. కానీ 1947కి ముందు ఎవరి పేరు చెప్పినా ఈ సంగతి కూడా కలిపి తూచాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గకు తల్లీ.

యుద్ధం వల్ల పోయిన ఏళ్ల గురించి కూడా బోస్టన్‌లో తప్పకుండా వింటావు. రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ వాళ్లకి దేవుడు. 1941లో .406 యావరేజ్‌తో కొట్టాడు, ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగ్స్‌లో ఎవరూ .400 దాటలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి మూడు పూర్తి సీజన్లు, కొరియా యుద్ధానికి రెండు సీజన్లలో చాలా భాగం పోయాయి. "అవి ఆడుంటే ఎన్ని కొట్టేవాడో" అంటారు. ఊహించిన హోమ్ రన్స్‌ని కలిపి లెక్కేయడం నాకు ఇష్టం ఉండదు. దానికి బదులు యుద్ధానికి వెళ్లే ముందు 1942లో ట్రిపుల్ క్రౌన్ (లీగ్‌లో యావరేజ్, హోమ్ రన్స్, టీమ్‌కి తెప్పించిన రన్స్, మూడింటిలోనూ మొదటి స్థానం) అందుకుని, తిరిగొచ్చిన 1946లోనే ఎంవీపీ (ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడని చెప్పు. మధ్యలో ఆట తగ్గలేదని దానితోనే తెలుస్తుంది.

బ్యారీ బాండ్స్ పేరు వచ్చిందంటే గొంతులు లేస్తాయి. 762 హోమ్ రన్స్, ఏడు ఎంవీపీలు, 2004లో ఏకంగా 232 వాక్స్. అతనికి బంతి వేయడం కంటే ఊరికే బేస్ ఇచ్చి పంపడం మేలని టీమ్‌లు అనుకున్నాయి. స్టెరాయిడ్స్ ఆరోపణల వల్ల పదేళ్లు బ్యాలట్‌లో ఉన్నా, 2022 నాటికి బేస్‌బాల్ రచయితల ఓట్లతో హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా)లోకి వెళ్లలేకపోయాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 1998 దాకా అతను చేసింది చాలు, అగ్రశ్రేణిలో నిలబెట్టడానికి. అప్పటికే మూడు ఎంవీపీలు, 400 హోమ్ రన్స్, 400 స్టోలెన్ బేసెస్ (పిచ్చర్ కళ్లుగప్పి పరుగెత్తి దొంగిలించిన బేస్‌లు) ఉన్నాయి. 2001లో కొట్టిన 73ని మాత్రం నేను రూత్, ఆరన్ అంకెల పక్కన పెట్టను. నీకు వేరేగా అనిపిస్తే అలాగే చెప్పు. కానీ ఆటని ప్రేమించినవాళ్లు ఆ రోజుల్లో నిజంగానే గాయపడ్డారు, అది మనసులో పెట్టుకుని మాట్లాడు.

ఎవరో ఒకరు ఫోన్ తీసి "వార్" చూపిస్తారు. మామూలు బదులు ఆటగాడికంటే ఇతని వల్ల టీమ్‌కి ఎన్ని విజయాలు ఎక్కువ వచ్చాయన్న అంచనా అది. పనికొచ్చే లెక్కే, నేనూ చూస్తాను. బేస్‌బాల్ రిఫరెన్స్ అనే సైట్ ఒక రకంగా లెక్కిస్తుంది, ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే సైట్ ఇంకో రకంగా. పాతకాలం ఫీల్డింగ్‌కి సరైన కొలతలు లేవు కాబట్టి రెండు మూడు పాయింట్ల తేడా పట్టుకుని ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ అనకు.

పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే ఒటాని గురించి కుర్రవాళ్లు చెప్తే శ్రద్ధగా విను. 2024లో 54 హోమ్ రన్స్, 59 స్టోలెన్ బేసెస్. 2025 అక్టోబర్‌లో నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ నాలుగో మ్యాచ్‌లో ఆరు ఇన్నింగ్స్ రన్ ఇవ్వకుండా పదిమందిని స్ట్రైక్ ఔట్ చేసి, అదే రాత్రి మూడు హోమ్ రన్స్ కొట్టాడు. రూత్ కూడా మంచి పిచ్చరే, 94 మ్యాచ్‌లు గెలిచాడు, కానీ యాంకీస్‌కి వెళ్లాక పిచింగ్ దాదాపు వదిలేశాడు. ఒటాని రెండూ ఒకేసారి మోస్తున్నాడు. అతని కెరీర్ ఇంకా నడుస్తోంది, తీర్పు చెప్పడానికి తొందర లేదు.

సరే, గ్రేటెస్ట్ ఎవరంటే నేను చెప్పే పేరు విల్లీ మేస్. 660 హోమ్ రన్స్, సెంటర్ ఫీల్డ్‌లో 12 గోల్డ్ గ్లోవ్స్ (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు). ఆ అవార్డు 1957లోగానీ మొదలవలేదు, అప్పటికే అతను కొన్నేళ్లుగా ఆడుతున్నాడు. నాలుగేళ్లు వరసగా లీగ్‌లో అందరికంటే ఎక్కువ బేస్‌లు దొంగిలించాడు. ఆర్మీకి 1952లో చాలా భాగం, 1953 మొత్తం పోయాయి. తిరిగొచ్చిన 1954లోనే ఎంవీపీ. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్)లో వీపు బ్యాటర్ వైపు తిప్పి పరుగెత్తుతూ పట్టిన క్యాచ్ వీడియో చూడు. పట్టిన వెంటనే గిరుక్కున తిరిగి విసిరిన త్రో ఇంకా జాగ్రత్తగా చూడు, రన్నర్లు స్కోర్ చేయకుండా ఆపింది అదే. బ్యాట్, పరుగు, క్యాచ్, త్రో, దేనిలోనూ లోటు లేని మనిషి. అతని ఆట మొదలైంది కూడా నీగ్రో లీగ్స్‌లోనే, బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌తో. రూత్ కొట్టినంత దూరం కొట్టి ఉండకపోవచ్చు, కానీ తలుపులు తెరుచుకున్న తర్వాత, అందరితోనూ ఆడి గెలిచాడు. నాకు అది చాలు.

మేస్ అనగానే ఎవరో ఒకరు ఆరన్ పేరు ఎత్తుతారు, హోమ్ రన్స్ ఎక్కువ కదా అంటారు. అప్పుడు ఆరన్‌ని తగ్గించి మాట్లాడకు. అతని హిట్స్ 3,771. అందులోంచి 755 హోమ్ రన్స్ మొత్తం తీసేసినా ఇంకా 3,016 మిగులుతాయి, మూడు వేలు దాటితేనే గొప్ప అనే ఆటలో. ఈ మాట వాళ్లకంటే ముందు నువ్వే చెప్పి, ఆ తర్వాత మేస్ ఫీల్డింగ్ గురించి మొదలుపెట్టు.

ఆదివారం ఫోన్ చెయ్యి, ఎవరు ఏమన్నారో అన్నీ చెప్పాలి.

మీ పెదనాన్న