శ్రీకాకుళంలో మా ఆపరేషన్ థియేటర్ (ఓటీ) సిస్టర్లు జీతం పెంచినా ఆర్నెల్లకే మానేస్తున్నారు, ఏం చేయాలి?

జీతం పెంచినా నిలవడం లేదన్నారు కదా, అయితే ఓసారి రోస్టర్ తీసి చూడండి. రాత్రి 8కి దిగాల్సిన సిస్టర్‌ని కేసు మధ్యలో ఎవరు విడిపిస్తారో అందులో పేరు రాసి ఉందా? లేకపోతే ఆవిడ 9:30 దాకా స్క్రబ్‌లోనే (గౌను, గ్లోవ్స్ వేసుకుని టేబుల్ దగ్గరే) ఉండి, తర్వాత పలాస బస్సు కోసం కాంప్లెక్స్‌లో ఒంటరిగా నిలబడాలి. అలాంటప్పుడు వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చినా ఎవరుంటారు?

రెండోది మాటపడడం. ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డల (మాపుల) లెక్క తప్పితే తిట్లన్నీ సిస్టర్‌కే. లెక్క కుదిరేదాకా కుట్టు ఆపమని సర్జన్‌కి చెప్పే అధికారం మాత్రం ఆవిడకి ఉండదు. ముందు ఆ అధికారం కాగితం మీద రాసివ్వండి, సర్జన్ల చేత సంతకం పెట్టించండి.

లెక్క మూడుసార్లు: కోత పెట్టకముందు, పొట్ట మూసేముందు, చర్మం కుట్టేముందు. మధ్యలో మనిషి మారితే దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిసి మరోసారి. స్క్రబ్ సిస్టర్ (సర్జన్‌కి పరికరాలందించేవారు), సర్క్యులేటింగ్ సిస్టర్ (గదిలో తిరుగుతూ సామాను తెచ్చిచ్చేవారు) ఇద్దరూ పైకి వినపడేలా చెప్పాలి, అంకె బోర్డు మీద పడాలి. 5 మాపుల కట్టని దారం విప్పి ఒక్కొక్కటీ విడదీసి లెక్కపెట్టాలి. నాలుగో ఆరో ఉంటే ఆ కట్టని అలాగే పక్కన పెట్టేయండి, వేరే కట్టలోది తెచ్చి సరిచేయొద్దు. ఎక్స్-రేలో కనపడే గీత లేని మాపు పొట్టలోకి వెళ్లకూడదు.

ఎక్కువగా తేడా వచ్చేది ఎక్కడంటే, కేసు అవకముందే వార్డుబాయ్ వాడిన మాపుల బకెట్ ఖాళీ చేసేస్తాడు. చివరి లెక్క దాకా చెత్త సంచీ గది దాటకూడదు. అప్పటికీ దొరక్కపోతే పొట్ట, పేషెంటు మీద కప్పిన బట్ట (డ్రేప్) మడతలు, నేల వెతికి, టేబుల్ మీదే ఎక్స్-రే తీయించాలి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల సర్జరీ భద్రతా చెక్‌లిస్టులోనూ ఈ లెక్క ఉంది. కేసయ్యాక టీ తాగుతూ టిక్కులు కొడితే అది కాగితం దండగ.

ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్ సంగతి కూడా చూడండి. అందులో పెట్టే బట్టల డ్రమ్ము కుక్కి నింపితే ఆవిరి మధ్యదాకా పోదు, బట్ట తడిగా వస్తుంది, మళ్లీ తిట్లు సిస్టర్‌కే. పైన అంటించిన టేపు రంగు మారిందంటే డ్రమ్ముకి వేడి తగిలిందని మాత్రమే అర్థం. నడిమి మడతలో ఇండికేటర్ స్ట్రిప్ (ఆవిరి అక్కడిదాకా చేరిందో లేదో రంగుతో చూపే పట్టీ) పెట్టి, తెరిచినప్పుడు ముందు దాన్ని చూడాలి.

కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం నుంచి డయాలసిస్ పేషెంట్లు వస్తుంటే చెక్‌లిస్టులో ఒక వరస కలుపుకోండి: ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఏ చేతికి? ఆ చేతికి బీపీ కఫ్ గానీ కాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) గానీ వద్దు.