గురువు వివాదంలో పడితే అభ్యర్థి ఏం చేయాలి?

బెంగళూరు వార్డు ఎన్నికల్లో నిలబడే తెలుగు అభ్యర్థి తన గురువు వివాదాస్పద ప్రసంగాలను ఎలా ఎదుర్కోవాలన్నది మీ ప్రశ్న. 2008లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న బరాక్ ఒబామాకు ఎదురైన చిక్కు ఇదే.

ఆయన పెళ్ళి జరిపించిన పాస్టర్ జెరెమయా రైట్ అమెరికాను తీవ్రంగా దూషించిన పాత ప్రసంగాల ముక్కలు మార్చిలో టీవీల్లో మారుమోగాయి. మార్చి 18న ఫిలడెల్ఫియాలో ఒబామా ఆ మాటలను ఖండించారు కానీ మనిషిని వదులుకోలేదు. తనను పెంచిన అమ్మమ్మను కాదనలేనట్టే ఆయననూ కాదనలేనన్నారు. గురువు గొడవను జాతి సమస్యపై చర్చగా మలచడం ఆయన నేర్పు. కానీ గురువు ఊరుకుంటేనా! ఏప్రిల్ 28న వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్‌లో తనను తాను సమర్థించుకుంటూ, ఒబామా రాజకీయ నాయకుడు కాబట్టి అలా మాట్లాడారన్నారు. మర్నాడే ఒబామా తెగతెంపులు చేసుకున్నారు. మే 31న రైట్ పాస్టర్‌గా పనిచేసిన చర్చి సభ్యత్వమూ వదిలేశారు.

నా దృష్టిలో మొదటి ప్రసంగం నిజాయితీ, తర్వాతి తెగతెంపులు అనివార్యత. అదే మేలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జాన్ మెకెయిన్, వివాదంలో పడిన పాస్టర్ జాన్ హేగీ మద్దతును తిరస్కరించారు. అక్కడ పాత అనుబంధం లేదు, కాబట్టి తేలిక.

మన దగ్గర స్వామీజీ ఆశీస్సుల ఫోటో మామూలే, దానికి భయం లేదు. చిక్కంతా మైకు దగ్గర. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు వర్తించే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ ప్రకారం, అభ్యర్థి సమ్మతితో, మతం పేరిట గురువు ఓటు అడిగినా అది అవినీతి చర్యే. కోర్టులో రుజువైతే గెలుపే రద్దవుతుంది. వార్డు ఎన్నికల నిబంధన ఏమిటో విడిగా చూసుకోండి.