624 కాలమ్‌లో ఏసీఎన్, ఎండీసీ కలిసిపోతున్నాయి, బేస్‌లైన్ లేస్తోంది: కొత్త కాలమ్ కొనాలా?

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గ్యాస్ క్రొమటోగ్రఫీలో రెసిడ్యువల్ సాల్వెంట్స్ (మందులో మిగిలిపోయిన ద్రావకాలు) మెథడ్, హెడ్‌స్పేస్ (వయల్‌లో శాంపిల్ పైన చేరిన ఆవిరిని ఇంజెక్ట్ చేయడం), ఎఫ్‌ఐడీ (మంట డిటెక్టర్). కాలమ్ 624, పొడవు 30 మీటర్లు, లోపలి వ్యాసం 0.32 మి.మీ., లోపలి పూత (ఫిల్మ్) మందం 1.8 మైక్రాన్లు. 240 డిగ్రీల దగ్గర బేస్‌లైన్ (పీకులు లేనప్పుడు డిటెక్టర్ గీసే గీత) లేస్తోంది, మెథనాల్ టెయిలింగ్ ఇస్తోంది, అంటే దాని పీకు వెనక తోకలా సాగుతోంది, అసిటోనైట్రైల్ (ఏసీఎన్), ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్) సరిగా విడిపోవడం లేదు. ఈ మూడింటికీ కారణం ఒకటే కాదండీ. ఆర్డర్ పెట్టే ముందు ఒక్కొక్కటీ విడిగా చూడండి.

ముందు బేస్‌లైన్. 624 ఫేజ్ (కాలమ్ లోపలి పూత పదార్థం) అంటే 6 శాతం సైనోప్రొపైల్‌ఫినైల్, 94 శాతం డైమిథైల్ పాలీసిలోక్సేన్. వేడికి ఆ సిలోక్సేన్ గొలుసు కొసలు వెనక్కి వంగి, చిన్న చిన్న వలయాలుగా తెగి వచ్చేస్తాయి. బ్లీడ్ అంటే అదే. మందపాటి ఫిల్మ్‌లో అది కొంత ఎక్కువే ఉంటుంది, 624 పరిమితి 260 డిగ్రీలే కాబట్టి 240లో కొంత లేవడం సహజం. వయల్ ఏదీ ఇంజెక్ట్ చేయకుండా ఓవెన్ ప్రోగ్రామ్ మాత్రం నడిపి చూడండి. గీత నున్నగా లేచి పైన సమంగా నిలబడితే బ్లీడ్. పీకులు పీకులుగా వస్తే అది బ్లీడ్ కాదు: సెప్టా (ఇన్‌లెట్ రబ్బరు మూత), లైనర్ (ఇన్‌లెట్‌లోని గాజు గొట్టం), ట్రాన్స్‌ఫర్ లైన్ (హెడ్‌స్పేస్ నుంచి ఇన్‌లెట్‌కు వచ్చే గొట్టం)లలో ఎక్కడో మురికి ఉంది. వెడల్పాటి దిబ్బ వస్తే, శాంపిల్ కరిగించడానికి వాడే డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్)ను అనుమానించండి. దాని మరుగు స్థానం 189 డిగ్రీలు. చివర 240లో హోల్డ్ (ఆ వేడి దగ్గర నిలిపే సమయం) కుదించిన మెథడ్‌లో అది కాలమ్‌లోనే మిగిలి తర్వాతి రన్‌లో బయటపడుతుంది. యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) 467 అధ్యాయం ప్రొసీజర్ ఏలో 240 దగ్గర 20 నిమిషాల హోల్డ్ ఉంది. రన్ టైమ్ మిగుల్చుకుందామని ముందుగా కత్తిరించేది దాన్నే, ఇబ్బంది మొదలయ్యేదీ అక్కడే.

బ్లీడ్ ఉన్నట్టుండి పెరిగితే ఆక్సిజన్ లోపలికి వచ్చినట్టే. రాత్రి సీక్వెన్స్ నడుస్తుండగా క్యారియర్ (శాంపిల్‌ను కాలమ్‌లో మోసుకెళ్లే గ్యాసు) సిలిండర్ అయిపోవడం, వేడి ఓవెన్ మీదే సెప్టా మార్చడం కాలమ్‌లను చంపే పనులు. గ్రాఫైట్ వెస్పెల్ ఫెర్రూల్ (కాలమ్ కొసను లీకు లేకుండా పట్టే బిగింపు రింగు) కొత్తగా వేస్తే నాలుగైదు హీటింగ్ సైకిళ్ల తర్వాత ఓవెన్ చల్లార్చి మళ్లీ బిగించాలి, ఎందుకంటే వేడికి అది కుంచించుకుపోతుంది. కొత్త కాలమ్ పెట్టినప్పుడు చల్లగా ఉండగానే క్యారియర్‌తో కనీసం 15 నిమిషాలు ఊదనిచ్చి, తర్వాతే వేడి చేయండి. ఎఫ్‌ఐడీ పీకో ఆంపియర్ రీడింగ్ మొదటి రోజే 240 దగ్గర రాసి పెట్టుకోండి. ఆ అంకె లేకపోతే ఆర్నెల్ల తర్వాత బ్లీడ్ పెరిగిందో లేదో చెప్పే ఆధారమే ఉండదు.

ఇక మెథనాల్ టెయిలింగ్. కొంచెం మీథేన్ ఇంజెక్ట్ చేయండి. క్యారియర్ వేగం సెకనుకు 35 సెం.మీ. ఉంటే 30 మీటర్ల కాలమ్‌లో అది సుమారు 1.43 నిమిషాలకు సన్నగా, నిటారుగా రావాలి. మీథేన్‌కు బదులు లైటర్ గ్యాసు వద్దు, 40 డిగ్రీల్లో 1.8 మైక్రాన్ల ఫిల్మ్ బ్యూటేన్‌ను పట్టి ఆపుతుంది, లెక్క తప్పుతుంది. మీథేన్‌కే తోక ఉంటే తప్పు కాలమ్ కోతలోనో, ఇన్‌లెట్‌లో పెట్టిన లోతులోనో ఉంది. మీథేన్ బాగుండి మెథనాల్ ఒక్కటే సాగుతుంటే లైనర్ గానీ కాలమ్ మొదటి కొస గానీ యాక్టివ్ అయింది, అంటే మెథనాల్‌ను పట్టి ఆపుతోంది. లైనర్ మార్చి చూడండి. అయినా సాగుతుంటే ఇన్‌లెట్ వైపు 20 సెం.మీ. కోయండి. నట్, ఫెర్రూల్ ఎక్కించాక, సెరామిక్ వేఫర్‌తో ఒకే ఒక గీత గీసి, వంచి విరవాలి. రంపంలా అటూ ఇటూ లాగకండి. 10 రెట్ల భూతద్దంలో చూస్తే అంచు అద్దంలా నిటారుగా కనిపించాలి, పన్ను లేచి ఉన్నా, పాలీఇమైడ్ పొర చిరుగు వేలాడుతున్నా మళ్లీ కోయాల్సిందే. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తడిపిన టిష్యూతో కొస తుడిచి బిగించండి.

అసిటోనైట్రైల్, ఎండీసీల సంగతి వేరు. అది కాలమ్ పాడవడం వల్ల వచ్చిందని వెంటనే అనుకోవద్దు, ఈ ఫేజ్ మీద ఆ రెండూ పక్కపక్కనే వస్తాయి. యూఎస్‌పీ కూడా ప్రొసీజర్ ఏలో వాటి మధ్య రిజల్యూషన్ (రెండు పీకులు ఎంత విడిపోయాయో చెప్పే అంకె) కనీసం 1.0 ఉంటే చాలంటుంది. ఇదివరకు 1.5 వచ్చి ఇప్పుడు 1.1కి దిగితే కాలమ్ సామర్థ్యం తగ్గినట్టు, పై పరీక్షలు వర్తిస్తాయి. మొదటి నుంచీ 1.1 దగ్గరే ఉంటే ఎన్ని కోతలు కోసినా మెరుగుపడదు.

అప్పుడు ఏ కాలమ్ కొనాలి? 0.53 మి.మీ., 3.0 మైక్రాన్ల 624 కొంటే ఉపయోగం లేదు. రెండూ మైక్రాన్లలోకి మార్చి, వ్యాసాన్ని ఫిల్మ్ మందానికి నాలుగు రెట్లతో భాగిస్తే ఫేజ్ నిష్పత్తి వస్తుంది. 0.32కి 1.8తో 44, 0.53కి 3.0తో 44, 0.25కి 1.4తో దాదాపు 45. అంటే మూడింటిలోనూ నిలుపుదల దాదాపు ఒకటే, పీకుల వరుసా అదే. తేడా అంతా పీకు వెడల్పులో ఉంటుంది. 0.25 వైపు వెళితే పీకులు సన్నబడతాయి, కాకపోతే హెడ్ ప్రెషర్ పెరుగుతుంది, పట్టే మోతాదు తగ్గుతుంది కాబట్టి స్ప్లిట్ (శాంపిల్‌లో కాలమ్‌లోకి పోకుండా బయటికి వదిలే వంతు) పెంచాలి. పొడవు 60 మీటర్లు చేస్తే రిజల్యూషన్ 1.4 రెట్లే పెరుగుతుంది, సమయం మాత్రం రెట్టింపు దాకా పోతుంది. అంతకన్నా ముందు ఓవెన్ 40 నుంచి 35కి దింపి చూడడం చవక.

అప్పటికీ విడిపోకపోతే ఫేజ్ మార్చాల్సిందే. వ్యాక్స్, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ మీద ఎండీసీ ముందు, అసిటోనైట్రైల్ బాగా వెనక వస్తాయి. కానీ అక్కడ ఐపీఏ, ఇథనాల్ ఎండీసీకి దగ్గరపడతాయి, మీ సాల్వెంట్ జాబితా చూసుకుని తేల్చుకోండి. వ్యాక్స్‌కు ఆక్సిజన్ అంటే ఇంకా పడదు. 624కు ఇచ్చినట్టు దానికి 240 ఇవ్వకండి. ప్రొసీజర్ బీ ఆ ఫేజ్‌ను 165 దగ్గరే ఆపుతుంది.

మీ శాంపిల్‌లో టీఈఏ (ట్రైఇథైల్ అమీన్), డీఐపీఈఏ (డైఐసోప్రొపైల్ ఇథైల్ అమీన్) కూడా ఉన్నాయన్నారు. అవి 624 మీద సాగడం కాలమ్ పాతబడడం వల్ల కాదు, క్షారాలు సిలనాల్ (గాజు ఉపరితలం మీది ఆమ్ల గుణమున్న) స్థానాలకు అంటుకోవడం వల్ల. వాటికి బేస్ డీయాక్టివేటెడ్ కాలమ్, అంటే క్షారాలు అంటుకోకుండా తయారుచేసిన వోలమైన్ లాంటిది, విడిగా పెట్టుకోండి. రెండు మెథడ్లనూ ఒకే కాలమ్ మీద నడిపించాలని చూడకండి.